ఎక్కువ చెప్పులున్న గది

నా గదిలోకి రావాలంటే ఎవరైనా సరే చెప్పులు బయట విప్పి రావాల్సిందే. కాలేజీ కుర్రాడైనా, కరెంటు బిల్లు ఇవ్వడానికొచ్చిన మనిషైనా, మా ఆయనైనా. కాళ్ళతో దుమ్ము లోపలికొస్తే మౌస్ కింద ఉండే బంతికి అంటుకుంటుంది. బంతి బిగుసుకుంటే ఆడేవాడు మౌస్‌ని బల్లకేసి కొడతాడు. అప్పుడు నేను వాణ్ణి తిడతాను. ఇంత రభస ఎందుకని గుమ్మం దగ్గరే తేల్చేశాను. అమీర్‌పేటలో కంప్యూటర్లున్న ప్రతి గదికీ అప్పట్లో ఈ ఆచారం ఉండేది కానీ, నా అంత పట్టుదలగా పాటించినవాళ్ళు లేరని నా నమ్మకం.

అందుకే మొదటి అంతస్తు మెట్ల పక్కన ఎప్పుడు చూసినా చెప్పులు గుట్టగా పడి ఉండేవి. నేను చెప్పబోయే తగువంతా ఆ గుట్ట దగ్గరే మొదలైంది.

తొంభై తొమ్మిది, ఆషాఢమాసం. అప్పటికి నా టైపు ఇన్‌స్టిట్యూట్ పోయి కొన్నాళ్ళయింది. ఊరంతా కంప్యూటర్ల వెంట పడ్డాక లోయర్, హయ్యర్ పరీక్షలు ఎవరిక్కావాలి? టైపు మిషన్లు అమ్మేసి, మధురానగర్‌లో మూతపడిన ఒక ట్రైనింగ్ సెంటర్ వాళ్ళ దగ్గర పాత కంప్యూటర్లు కొన్నాను. వాటి మీద తెలుగు టైపు నేర్పుదామని నా ఆలోచన. ఒక్క పిట్ట వాలలేదు. ఒకరోజు నా పాత విద్యార్థి రవికాంత్ వచ్చి, ఊరికే ఎందుకు పడుండాలి మేడమ్ అని ఒక కార్ల పందెం ఆట ఎక్కించి పోయాడు. పదిహేను రోజులు తిరక్కుండా గది నిండిపోయింది. నా పేరు రత్నమాల కనుక బోర్డు మీద ‘రత్నా గేమ్ సెంటర్’ అని రాయించాను. నలభై ఏళ్ళు దాటాక నాకంటూ దొరికిన మొదటి సంబరం అది. కాదని ఎవరన్నా నేనొప్పుకోను.

ఆ రెండు మూడేళ్ళలో వచ్చిన ఆటలన్నీ నా దగ్గర ఉండేవి. నేను ఒక్కటీ ఆడేదాన్ని కాదు కానీ ఆడేవాణ్ణి వెనక నుంచి చూసి ఏ ఆటో చెప్పేసేదాన్ని. నీడ్ ఫర్ స్పీడ్ ఆడేవాడు మలుపు రాగానే కారుతో పాటు తనూ పక్కకి ఒరిగిపోతాడు. ఫీఫా ఆడేవాడు బల్ల కింద కాళ్ళు ఊపుతుంటాడు. క్వేక్ ఆడేవాడు తెర మీద ఎవడో కాలిస్తే కుర్చీలో తల దించుకుంటాడు. హాఫ్ లైఫ్ వాడు ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీలుస్తాడు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ వాళ్ళు మాత్రం ఇల్లు కట్టుకునేవాళ్ళలా ఎప్పుడూ ఏదో ఒకటి సరిపోలేదని గొణుక్కుంటూ ఉంటారు. నేను టైపు రోజుల నాటి చెక్క స్కేలు పట్టుకుని వరసల మధ్య తిరిగేదాన్ని. వీపు వంచితే స్కేలుతో కుర్చీ మీద ఒక్కటి తట్టేదాన్ని. బూతు మాట వినిపిస్తే ఆ రోజుకి వాడి ఆట అయిపోయినట్టే. మౌస్ బంతులు కొట్టేసే బుద్ధిమంతులు కొందరుండేవారు కనుక, సాయంత్రం అన్నింటినీ విప్పి పోపుల డబ్బాలో వేసి ఇంటికి పట్టుకెళ్ళేదాన్ని. మా ఆయన కృష్ణమోహన్ ఆవాల కోసం మూత తీసి బంతులు చూసి నిట్టూర్చేవాడు.

ఇక తగువు సంగతి. మా పైన రెండు అంతస్తుల్లో చలపతిరావుగారి ఇన్‌స్టిట్యూట్. ఒరాకిల్, కోబాల్, జావా, విజువల్ బేసిక్. ఆయనదీ పశ్చిమ గోదావరే, నాదీ పశ్చిమ గోదావరే, అందుకని మా మధ్య మొహమాటాలు లేవు. ఎప్పుడూ మెడకి టై, కాళ్ళకి అద్దంలా మెరిసే నల్ల బూట్లు. ఆయన విద్యార్థులు కొందరు పైకెక్కాల్సినవాళ్ళు మధ్యలో నా దగ్గర ఆగిపోతున్నారని ఆయన బాధ. రోజూ వచ్చి గుమ్మం బయటే నిలబడి నా చెప్పుల గుట్ట వైపు చూసేవారు.

“రత్నమాలగారూ, ఆ నీలం చెప్పులు మా జావా బ్యాచ్ కుర్రాడివి కదండీ?”

“లోపలికొచ్చి మీరే చూసుకోండి. బూట్లు విప్పి రండి.”

“నేనెందుకు వస్తానండీ?”

ఆయన ఒక్కసారి కూడా బూట్లు విప్పలేదు, గుమ్మం దాటలేదు. ఆ పట్టుదల చూస్తే నాకు ఒళ్ళు మండేది. నా గదిలో కాలు పెడితే పరువు పోతుందనుకుంటున్నాడని నేను ఖాయం చేసుకున్నాను.

చివరికి ఆయన బిల్డింగు యజమాని దగ్గరికి వెళ్ళారు. మా యజమాని హనుమాండ్లుగారు అన్నిటికన్నా పైన, నాలుగో అంతస్తులో కాపురం ఉండేవారు. పెద్ద మనిషి, నిదానస్థుడు. ఒక పొద్దున మెట్ల మీద నన్ను ఆపారు.

“రత్నమాలమ్మా, నాకు మీరిద్దరూ ఒక్కటే. గానీ సారు పోతనంటుండు. గాయన పోతే నా బిల్డింగు సగం ఖాళీ అయితది. నువ్వు ఫికర్ చెయ్యకు, జర ఆలోచించుకుంట. ఐతారం బల్కంపేట ఎల్లమ్మకు బోనం ఎక్కినంక వచ్చి ఏదో ఒకటి చెప్త.”

ఫికర్ చెయ్యకు అన్నారంటేనే ఫికర్ చెయ్యాలని అర్థం. ఆయన తేల్చేది నాకెలాగూ తెలుసు. రెండు అంతస్తులు ముఖ్యమా, ఒక గది ముఖ్యమా? ఆ రాత్రి యూసుఫ్‌గూడలో గది చూద్దాంలే అని మా ఆయన అంటే ఆయన మీద కూడా అరిచాను. నాకు ఆ గదే కావాలి. టైపు మిషన్ల టకటకలు విన్న గది అది, ఇప్పుడు పిల్లల కేకలు వింటోంది.

ఆ వారంలోనే మొగిలయ్యగారు వచ్చారు.

గురువారం మధ్యాహ్నం. తల ఎత్తి చూస్తే గుమ్మంలో తెల్ల పంచె, భుజాన తువ్వాలతో ఒక పెద్దాయన. ఆయన వెనక చుడీదార్‌లో ఒక అమ్మాయి. ఇద్దరూ అప్పటికే చెప్పులు విప్పేసి వరసగా పెట్టి ఉన్నారు. అక్కడే నాకు ఆయన నచ్చేశారు.

“అమ్మా, గీడ డెమో ఉన్నదా?” అని అడిగారు.

అమీర్‌పేటలో అప్పట్లో డెమో లేకుండా ఏదీ అమ్ముడుపోయేది కాదు. ఇన్‌స్టిట్యూట్ల వాళ్ళు మూడు రోజులు ఉచితంగా పాఠం చెప్పేవారు, నచ్చితే చేరడం, లేకపోతే పక్క మెట్లెక్కడం. నేను కూడా నలుగురితో పాటు నడవాలి కదా అని కొత్తవాళ్ళకి మూడు రోజులు అరగంట చొప్పున ఊరికే ఆడనిచ్చేదాన్ని.

“ఉందండి. మూడు రోజులు.”

“మా మానసకు సుత, నాకు సుత. నేను సుత కూసుంట. చూడకుండ ఏదీ పట్టను.”

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. తండ్రులు నా గదికి వచ్చేది కొడుకుల చెవులు పట్టుకుని లాక్కుపోవడానికే. కూతురిని ఆడించడానికి తీసుకొచ్చి, తనూ ఆడతానన్న తండ్రి ఈయనొక్కడే. ఇప్పుడు మీకు అసలు సంగతి చెప్పేస్తాను, నాకు మాత్రం ఆదివారం దాకా తెలియదు. ఆయన వచ్చింది ఆటకి కాదు. జనగామ దగ్గర పల్లె నుంచి డిగ్రీ అయిన కూతుర్ని కంప్యూటర్ కోర్సులో చేర్పించడానికి వచ్చారు. అమీర్‌పేటలో డెమో మీద డెమో చూస్తూ తిరుగుతున్నారు. నా బోర్డూ, పై బోర్డూ రాసింది ఒక్క పెయింటరే. పసుపు మీద ఎర్ర అక్షరాలు. పైన కోబాల్, జావా అని ఉంటే, కింద క్వేక్, హాఫ్ లైఫ్, స్టార్‌క్రాఫ్ట్ అని ఉంది. కొత్తగా వచ్చినవాడికి ఏది కోర్సో ఏది ఆటో ఎలా తెలుస్తుంది? లోపల చూస్తే వరసలు కట్టి కూర్చున్న పిల్లలు, మధ్యలో స్కేలు పట్టుకున్న టీచరమ్మ.

“మీద సారు కాడ సోమవారం ఒక డెమో చూసినం. మా పిల్లకు నచ్చలే. దిగుతుంటే గీ చెప్పులు కనవడ్డయి,” అన్నారాయన. “నేను మాట్లాడేటోళ్లను నమ్మనమ్మా. చెప్పులు చూస్త. జనగామల సుత ఏ డాక్టరు కాడ చెప్పులు ఎక్కువుంటయో గాడికే పోత. అమీర్‌పేటల గిన్ని చెప్పులు నేనేడ చూడలే.”

నా గుట్టని మెచ్చుకున్న మొదటి మనిషి. పొంగిపోయి ఆయన్ని కిటికీ పక్కన మంచి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను.

“ఏది నేర్పుతరు?”

“మీకేది ఇష్టమైతే అదే. పెద్దవాళ్ళకి స్ట్రాటజీ బాగుంటుంది. మీ అమ్మాయికి యాక్షన్ ఇద్దామా, రేసింగ్ ఇద్దామా?”

ఆయన గంభీరంగా ఆలోచించారు. “గిప్పుడు దేనికి గిరాకి ఉన్నది?”

“అందరూ క్వేక్ క్వేక్ అని పడి చస్తున్నారు.”

“అయితే పిల్లకు గదే ఇయ్యి. కోబాల్ అయితే రెండువేల సంవత్సరం దాటంగనే పని ఉండదంటుండ్రు. ఇది నడుస్తదా?”

“రెండో భాగం వచ్చేసింది, మూడోది కూడా వస్తోందండి.”

“ఇది వస్తే ఏం దొరుకుతదమ్మా?”

“సంతోషం దొరుకుతుందండి,” అన్నాను. ఆయన నా వైపు తిరిగి, ఇంత నిజాయితీగా ఎవరూ చెప్పలేదన్నారు.

మానస చివరి వరసలో కూర్చుంది. మౌస్ మీద చెయ్యి వేసింది కానీ ఆ చెయ్యి వణుకుతోంది. తెర మీద బాణం గుర్తు ఒక మూల నుంచి ఇంకో మూలకి పరుగులు పెడుతోంది. నేను వెనక నుంచి వెళ్ళి మామూలుగానే కుర్చీ మీద స్కేలుతో తట్టాను.

“వీపు నిటారుగా. మౌస్‌ని అలా నలిపెయ్యకు, చేతిలో కోడిపిల్ల ఉన్నట్టు పట్టుకో.”

ఆ అమ్మాయి ఉలిక్కిపడి, తర్వాత ఫక్కున నవ్వింది. కంప్యూటర్లన్నీ ఒకదానికొకటి కలిపి ఉన్నాయి కనుక అందరూ ఒకే ఆటలో ఉంటారు, మొదటి అరగంటలో ఆమెని ఎవరెవరు కాల్చారో లెక్కలేదు. రెండో రోజు గోడ చాటున నిలబడటం నేర్చుకుంది. మూడో రోజు మా రవికాంత్‌నే కాల్చి పడేసింది. వాడు కుర్చీ వెనక్కి తోసి లేచి, చివరి వరసలో ఎవడు వాడు అని చూసి, అక్కడ మానస కనపడగానే మళ్ళీ కూర్చున్నాడు.

పెద్దాయన సంగతి ఇంకా ముచ్చట. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో ముందు మనకి ఇచ్చేది ఒక ఖాళీ నేల, ముగ్గురు మనుషులు. చెట్లు కొట్టించాలి, పొలాలు వెయ్యాలి, ఇళ్ళు కట్టాలి. సైన్యాన్ని పెంచి పక్కవాడి మీదికి పోవాలి. మొగిలయ్యగారు చెట్లు కొట్టించారు, పొలాలు వేశారు, ఇళ్ళు కట్టారు, అక్కడే ఆగిపోయారు. ఇళ్ళు వరసగా లేవని పడగొట్టించి మళ్ళీ కట్టించారు. ఆ ఆటలో పొలం కొన్నాళ్ళకి బీడైపోతుంది, మళ్ళీ వెయ్యాలి. అలా అయినప్పుడల్లా అయ్యో అని తెర మీది మనిషిని ఓదార్చేవారు. శుక్రవారం శత్రువులు వచ్చి ఊరు తగలబెట్టేశారు. ఆయన తువ్వాలతో మొహం తుడుచుకున్నారు.

“సైన్యం కట్టాలండీ,” అన్నాడు పక్క కుర్చీలోని అబ్బాయి.

“కొట్లాటకు నేను పోను బిడ్డా. ఇంకో తోవ లేదా?”

ఉంది. పూజారులని తయారు చేస్తే వాళ్ళు చేతులు ఎత్తి వొలొలో అని ఏదో మంత్రం చదువుతారు. శత్రువు మనవాడైపోతాడు, మన పొలం పక్కన వచ్చి నిలబడతాడు. అది చూశాక పెద్దాయన మొహం వెలిగిపోయింది. శనివారం ఆయన ఊరి నిండా పూజారులే. వచ్చిన శత్రువునల్లా కలిపేసుకున్నారు. గదిలో కుర్రాళ్ళు తమ ఆటలు ఆపి ఆయన వెనక గుమిగూడారు. నేను స్కేలు ఊపుతూ కసిరాను కానీ నేనూ ఆ గుంపులోనే నిలబడి చూశాను.

“కోర్సు మంచిగున్నది,” అన్నారు లేస్తూ. “రేపు మా బామ్మర్దికి ఒక మాట చెప్పి చేరుస్త.”

కోర్సు అన్న మాట నా చెవిన పడకపోలేదు. అమీర్‌పేటలో అందరూ అన్నిటినీ కోర్సు అనే అంటారు, ఈయనా అన్నాడనుకున్నాను. ఆయన బామ్మర్ది ఎవరో కూడా అడగలేదు. నా ధ్యాసంతా మర్నాడు హనుమాండ్లుగారు ఏం చెబుతారోనన్న దాని మీదే ఉంది.

ఆదివారం పొద్దున్నుంచి బల్కంపేట వైపు డప్పులు. రోడ్డు నిండా బోనాలెత్తుకున్న ఆడవాళ్ళు, వేపాకులు, పసుపు వాసన. క్లాసులు లేకపోవడంతో నా గది కిక్కిరిసిపోయింది. మొగిలయ్యగారు, మానస కూడా వచ్చి కూర్చున్నారు. డెమో అయిపోయినా, నా గదిలో అదే ఆఖరి రోజేమోనని నేనే కూర్చోమన్నాను.

మధ్యాహ్నం దాటాక హనుమాండ్లుగారు నుదుటి నిండా కుంకుమతో దిగి వచ్చారు. వెనక చలపతిరావుగారు, టై, బూట్లతో సహా. హనుమాండ్లుగారు చెప్పులు విప్పి లోపలికి వచ్చారు. చలపతిరావుగారు గుమ్మం బయటే ఆగిపోయారు.

హనుమాండ్లుగారు నోరు తెరిచి నాతో ఏదో అనబోయి, కిటికీ వైపు చూసి ఆగారు.

“బావా? నువ్వేంది ఈడ?”

“నేను చెప్పిన డెమో గిదే గదా,” అన్నారు మొగిలయ్యగారు తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా. “ఊరు కట్టే కోర్సు. అమీర్‌పేట మొత్తం తిరిగిన హనుమాండ్లు. అన్ని తావుల సారు మాట్లాడుతుంటడు, పిల్లలు గడియారం చూస్తుంటరు. గీడ పిల్లల్ని లేవమన్నా లేవరు. మా మానసను గీడనే చేర్పిస్త.”

గుమ్మంలోంచి చలపతిరావుగారు గట్టిగా నవ్వారు. “కోర్సేంటండీ? ఇది వీడియో గేములు ఆడుకునే చోటు. మీరు మూడు రోజుల నుంచి ఆడుకుంటున్నారు.”

మొగిలయ్యగారు నా వైపు తిరిగారు. “నిజమేనా అమ్మా?”

“నిజమేనండి,” అన్నాను. “మీరు ఆడుకోవడానికే వచ్చారనుకున్నాను.”

వెనక వరసలో ఎవడో కిసుక్కుమన్నాడు. ఆ నవ్వు ఒకడి నుంచి ఒకడికి పాకింది. పెద్దాయన మౌస్ మీద నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నాకు గది పోతుందన్న సంగతి మర్చిపోయేంత కోపం వచ్చింది. స్కేలుతో బల్ల మీద ఒక్కటి కొట్టాను. స్కేలు విరిగింది, నవ్వులు ఆగిపోయాయి.

“ఇంకెవడైనా నవ్వితే రేపటి నుంచి వాడి చెప్పులు నా గుమ్మం ముందు కనపడకూడదు. చలపతిరావుగారూ, మీకు కూడా కలిపే చెబుతున్నాను.”

అప్పుడు మానస లేచి నిలబడింది. “నాకు ఎరుకే నాయినా. మొదటి దినమే ఎరుకైంది.”

“మరి చెప్పలేదేంది?”

“సోమవారం మీద ల్యాబుల ఏమైందో నీకు చెప్పలే. సార్ నన్ను పిలిచి మౌస్ పట్టుమన్నడు. నేనెన్నడన్న పట్టిన్నా? చెయ్యి వణికింది, బాణం గుర్తు ఎటు పోయిందో దొరకలే. అందరు నవ్విండ్రు. సార్ సుత నవ్విండు. నేనిగ కంప్యూటర్ జోలికే పోనని అనుకున్న. గీడ ఎవ్వరు నవ్వలే. ఎవ్వరి ఆట వాళ్లది. మేడమ్ తిట్టింది గని, వీపు వంగిందని తిట్టింది. చెయ్యి వణుకుడు ఆగేదాక నీకు చెప్పొద్దనుకున్న.”

చలపతిరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “నేను నవ్వానా అమ్మా? నాకు గుర్తు కూడా లేదు,” అన్నారు. అది అబద్ధం కాదని ఆయన మొహం చూస్తే తెలుస్తోంది. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, “ఇప్పుడు వస్తావా పైకి?” అని అడిగారు.

“వస్త సార్.”

ఆమె వెళ్ళింది. హనుమాండ్లుగారూ వెళ్ళారు. చూస్తూ చూస్తూ ఉండగానే కుర్రాళ్ళందరూ చెప్పులైనా వేసుకోకుండా వాళ్ళ వెనక మెట్లెక్కేశారు. తెరల మీద కార్లు గోడలకి గుద్దుకుని ఆగి ఉన్నాయి. మొగిలయ్యగారూ నేనూ మిగిలాం.

ఆయన తన ఊరి వైపు చూస్తున్నారు. పొలాల మధ్య మనుషులు ఇంకా పని చేసుకుంటూనే ఉన్నారు.

“అయితే గీ ఊరు ఉత్తదేనా అమ్మా?”

ఏళ్ళ తరబడి పిల్లలకి టైపు నేర్పాను. ఇప్పుడు ఆ టైపుకి విలువ లేదు. అది ఉత్తదేనా? నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

“ఉత్తదేనండి. కానీ ఇంత చక్కటి ఊరు నా గదిలో ఇంకెవరూ కట్టలేదు. అందరూ తగలబెట్టేవాళ్ళే.”

ఆయన తల ఊపారు. మౌస్ మీద మళ్ళీ చెయ్యి వేశారు. ఒక పొలం బీడైపోయింది, దాన్ని మళ్ళీ వేశారు.

మెట్ల మీద ధడధడ శబ్దం. ముందు రవికాంత్, వాడి వెనక కుర్రాళ్ళు. ఏమైందో అందరూ ఒకేసారి చెప్పబోతుంటే హనుమాండ్లుగారు చెయ్యి ఎత్తి ఆపారు.

“బావా, నీ బిడ్డ చెయ్యి చెయ్యి కాదు. సారు చెప్పుడు అయ్యేలోపట బాణం గుర్తు గాడికి పోయి కూసున్నది. సారు ఏ తప్పు దొరుకుతదా అని మస్తు చూసిండు, దొరకలే.”

“తప్పులు వెతకలేదండీ,” అన్నారు చలపతిరావుగారు గుమ్మం బయట నుంచి. టై కొంచెం వదులైంది. “రత్నమాలగారూ, మా దగ్గర ఒక్కో కంప్యూటర్‌కి ముగ్గురు కూర్చుంటారు. వెనక కూర్చున్నవాడి చేతికి మౌస్ అందదు. నెలలు గడిచాక అడగడానికి వాడికి సిగ్గు. కొత్తగా వచ్చినవాళ్ళని పొద్దుటి పూట మీ దగ్గరికి పంపిస్తాను. నాలుగు రోజులు ఆడించి పంపండి. క్లాసు టైములో మాత్రం నా పిల్లల్ని రానివ్వకండి.”

“క్లాసు టైములో నా తలుపు మూసే ఉంటుంది. మీరు కాస్త నవ్వకుండా చెప్పుకుంటే వాళ్ళే మీ దగ్గర కూర్చుంటారు,” అన్నాను. అంత మంచి మాటకి అలాంటి జవాబు ఇవ్వకూడదు, కానీ నా నోరు నా మాట వినదు.

హనుమాండ్లుగారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. “ఇగ నేను చెప్పేది ఏమున్నది? ఇద్దరుండుండ్రి. అమ్మవారి దయ. రత్నమాలమ్మా, గా స్కేలు కొత్తది కొనుక్కో.”

నేను కుర్చీలో కూలబడ్డాను. పోయిందనుకున్న గది చుట్టూ ఒకసారి చూసుకున్నాను. పిల్లలు అప్పటికే ఎవడి కుర్చీ వాడు లాక్కుంటున్నారు. చలపతిరావుగారు మెట్లెక్కబోతుంటే మొగిలయ్యగారు పిలిచారు.

“సారూ. మా పిల్లను మీ కాడనే చేరుస్త. ఇగ నవ్వనంటేనే.”

చలపతిరావుగారు వెనక్కి తిరిగి చేతులు కట్టుకుని నిలబడ్డారు. “నవ్వనండి,” అన్నారు.

మర్నాడు పొద్దున మొగిలయ్యగారు బస్సెక్కే ముందు వచ్చారు. చేతిలో సంచి, నోట్లో వేపపుల్ల. చెప్పులు విప్పి వరసలో పెట్టి, ఒక్క నిమిషం ఊరు చూసిపోతానన్నారు. నా దగ్గర ఎవరి ఆటా దాచడం ఉండేది కాదు. హార్డ్ డిస్కులో చోటు సరిపోక ప్రతి సాయంత్రం అన్నీ తుడిచేసేదాన్ని, ఎంత బతిమాలినా వినేదాన్ని కాదు. ఆయన ఊరు మాత్రం ఉంచాను. తెరిచి చూపిస్తే, పూజారులూ పొలాలూ అన్నీ ఉన్నాయని చూసుకుని తృప్తిగా వెళ్ళిపోయారు. మానస హనుమాండ్లుగారి ఇంట్లోనే ఉండి పైన ఒరాకిల్‌లో చేరింది. సాయంత్రం క్లాసు అవ్వగానే దిగి వచ్చి రవికాంత్‌ని పడేసి, పైకి వెళ్ళి అన్నం తినేది.

శ్రావణం వచ్చింది. పొద్దుటి పూట కొత్త పిల్లలు బెరుగ్గా వచ్చి కూర్చునేవారు, నేను కొత్త స్కేలుతో తిరిగేదాన్ని. చెప్పుల గుట్ట రెండింతలైంది.

ఒక శనివారం నేను పంజగుట్టలో హోల్‌సేల్ దుకాణానికి వెళ్ళి కొత్త మౌస్‌లు తీసుకుని తిరిగొచ్చాను. మెట్లెక్కి నా చెప్పులు విప్పబోతూ చూశాను. గుట్టకి కాస్త ఎడంగా, గోడ వారగా ఒక జత నల్ల బూట్లు ఉన్నాయి. అద్దంలా మెరుస్తున్నాయి. మేజోళ్ళు ఉండ చుట్టి లోపల కుక్కి ఉన్నాయి. ఒకటి సగం బయటికొచ్చి వేలాడుతోంది. దాని బొటనవేలి దగ్గర రూపాయి బిళ్ళంత చిల్లు.

ఇన్నాళ్ళూ ఆయన గుమ్మం ఎందుకు దాటలేదో నాకు అర్థమైంది. ఆయన మీద నేను ఎన్నెన్ని అనుకున్నానో అన్నీ గుర్తొచ్చి నవ్వొచ్చింది. గోదావరి జిల్లా నుంచి వచ్చి టై కట్టుకుని నాలుగు బ్యాచ్‌లకి గొంతు చించుకునే మనిషికి మేజోళ్ళు కొనుక్కునే తీరిక లేదు. ఆ చిల్లు ఎవరి కంటా పడకుండా మేజోడుని బూటులోకి తోసి లోపలికి వెళ్ళాను.

కిటికీ పక్క కంప్యూటర్ ముందు, ఒట్టి కాళ్ళతో చలపతిరావుగారు. కార్ల పందెం. మలుపు రాగానే ఆయన టైతో సహా పక్కకి ఒరిగిపోతున్నారు. పక్క కుర్చీలో మానస కూర్చుని, బ్రేకు సార్, బ్రేకు అంటోంది. ఒక్కసారి కూడా నవ్వడం లేదు.

నేను బల్ల మీది స్కేలు అందుకుని, వెనక నుంచి వెళ్ళి కుర్చీ మీద తట్టాను.

“వీపు నిటారుగా పెట్టండి సార్.”